"నేను రాను, మీరు వెళ్ళిరండి"

ఏప్రిల్ నెల సగానికి వచ్చేసరికి మా ఓ.పి.లో ఒక ప్రశ్న తరచుగా వినబడుతుంది. పిల్లలకు పరీక్షలు అయిపోతాయి, ఇళ్ళలో ప్రయాణాల మాటలు మొదలవుతాయి. కొడుకో కోడలో తల్లిని వెంటబెట్టుకుని వస్తారు. బి.పి. చూపించుకోవడం, మందులు రాయించుకోవడం అయ్యాక, లేవబోతూ అడుగుతారు: "డాక్టరు గారూ, అమ్మను అరకు తీసుకెళ్ళవచ్చా?" మేము జవాబు చెప్పేలోపే పక్క కుర్చీలోంచి ఆ తల్లి అంటుంది: "నేను రానని నిన్ననే చెప్పాను కదయ్యా. మీరు వెళ్ళిరండి. నేను ఇంటి దగ్గర ఉంటాను."

ఈ మాటను ఇంట్లోవాళ్ళు సాధారణంగా రెండు రకాలుగా తీసుకుంటారు. వయసు మీదపడింది, ఓపిక లేదు అనుకుంటారు. లేదా, బతిమాలించుకోవాలని బెట్టు చేస్తోంది అనుకుంటారు. చాలాసార్లు మొదటిది నిజమే. అప్పుడప్పుడు రెండోది కూడా నిజమే కావచ్చు! కానీ ఈ రెండూ కాని కారణం ఒకటి ఆ మాట వెనక దాగి ఉండడం మేము చూస్తూ ఉంటాము. ఈ నెల దాని గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాము.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్రయాణాల విషయంలో మన ఇష్టాలు వయసుతో మారతాయి. ఇరవై ఏళ్ళప్పుడు జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి వెళ్ళినా సరదాగానే ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద పేపరు పరుచుకుని పడుకున్నా నిద్ర పడుతుంది. జలపాతం ఎంత లోపల ఉంటే అంత ఉత్సాహం. నలభై దాటాక సంచిలో పిల్లల బట్టలు, బిస్కెట్లు, జ్వరం మందు ముందు చేరతాయి. అరవై దాటాక మొదటి ప్రశ్న లోయర్ బెర్తు, రెండోది వేడి నీళ్ళు, మూడోది ఉదయం టిఫిను ఏమి దొరుకుతుంది అని.

మా ఆసుపత్రి సిబ్బంది పిక్నిక్ వచ్చినప్పుడల్లా ఇదే నాటకం జరుగుతుంది. నర్సింగ్ విద్యార్థినులు జలపాతం అంటారు, కొండ అంటారు. ల్యాబ్ కుర్రవాళ్ళు రాత్రి బస్సు అంటారు. అందరూ చెప్పడం అయ్యాక సీనియర్ సిస్టర్ గారు కళ్ళజోడు సర్దుకుని ఒకే ఒక ప్రశ్న అడుగుతారు: "అక్కడ బాత్రూములు ఉన్నాయా?" పిల్లలు నవ్వుతారు. మేము మాత్రం నవ్వడం మానేసి చాలా కాలమైంది. ఎందుకో ఇంకాస్త కిందకి వెళ్ళాక చెబుతాము.

శరీరం వేసే లెక్క

ఈ మార్పును బద్ధకం అనుకోకూడదు. శరీరం తన లెక్క తాను వేసుకుంటోంది. గుండె గట్టిగా కొట్టుకోగల వేగానికి వైద్యులు ఒక మోటు లెక్క వాడతారు. 220 లోంచి వయసును తీసివేయాలి. ఆ ప్రకారం 25 ఏళ్ళ మనవడి గుండె నిమిషానికి సుమారు 195 సార్లు కొట్టుకోగలదు. 65 ఏళ్ళ తాతయ్య గుండెకు 155 దగ్గరే హద్దు. ఒకే మెట్ల వరుస, ఒకే ఎండ. మనవడు పరుగెత్తి ఎక్కినచోట తాతయ్య తన హద్దుకు దగ్గరపడి ఉంటారు.

కాళ్ళలోని కండ ముప్ఫై ఏళ్ళ తరువాత నెమ్మదిగా తరుగుతూ వస్తుంది, అరవై దాటాక ఆ తరుగుదల వేగం అందుకుంటుంది. మోకాలి కీలులో గుజ్జు అరిగినవారికి ఎక్కడం కన్నా దిగడం కష్టం, ఎందుకంటే మెట్టు దిగేటప్పుడు ఆ కీలు మీద శరీర బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. బొర్రా గుహల్లో లోపలికి మెట్లు దిగి వెళ్ళి మళ్ళీ అవే మెట్లు ఎక్కి రావాలి. అక్కడ బయట బెంచీ మీద కూర్చుండిపోయిన పెద్దవాళ్ళకు గుహ మీద ఇష్టం లేక కాదు.

వయసు పెరిగిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. చెమట సరిగా పట్టక వేడిని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. కంటిపాప చిన్నదవడం వల్ల మసక వెలుతురులో మెట్టు అంచు కనబడదు. నిద్ర పలచబడుతుంది, కొత్త చోట ఇంకా పలచబడుతుంది. రాత్రి రెండు మూడు సార్లు లేవవలసిన మనిషికి తెలియని గది, చీకటి, బాత్రూములో తడి నేల అన్నీ కలిసి నిజమైన భయాలే. తుంటి ఎముక విరగడానికి ఒక్క జారడం చాలు.

మనసు కూడా తన లెక్క వేసుకుంటుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ముందు చాలా కాలం ఉందనుకునేవారు కొత్త మనుషులను, కొత్త చోట్లను వెతుక్కుంటారు. మిగిలిన కాలం తక్కువ అనుకునేవారు తమకు ప్రియమైన నలుగురితో గడపడానికి ఇష్టపడతారు. ఇది కేవలం వయసు వల్ల కాదని ఆమె చూపించారు. తీవ్రమైన జబ్బుతో ఉన్న యువకులు కూడా పెద్దవాళ్ళలాగే ఎంచుకుంటారట. వార్డుల్లో పనిచేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. పెద్ద ఆపరేషను నుంచి కోలుకున్న కుర్రవాడు ఇంటికి వెళ్ళేముందు "మా ఊరు వెళ్ళి అమ్మమ్మ దగ్గర వారం ఉంటాను" అనడం మేము విన్నాము.

కాబట్టి మీ నాన్నగారు కులూ మనాలీ వద్దని, పుట్టిన ఊరికి వెళ్ళి చెరువు గట్టు మీద కూర్చుంటానంటే ఆయనకు ఏదో తగ్గిపోయిందని బాధపడనక్కరలేదు.

నెమ్మదిగా మారితే వయసు, ఒక్కసారిగా మారితే?

ఇక అసలు విషయం. వయసు తెచ్చే మార్పు చాలా నెమ్మదిగా, ఏళ్ళ మీద వస్తుంది. పోయిన సంవత్సరం ఎక్కిన కొండను ఈ సంవత్సరం చూసి వద్దనే మనిషిని ముందు డాక్టరుకు చూపించాలి.

మా దగ్గరకు వచ్చిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడి సంగతి చెబుతాము. చాలా నడిచే మనిషి. వేసవిలో హార్స్‌లీ హిల్స్ వెళితే తెల్లవారుజామునే లేచి మనుషులందరికంటే ముందు నడకకు వెళ్ళేవారు. ఒక సంవత్సరం నుంచి కారును గేటు దాకా తీసుకురమ్మనడం మొదలుపెట్టారు. బజారుకు నడిచేవారు, స్కూటరు తీశారు. మేడ మీద గదిలోంచి కిందికి మకాం మార్చారు. ఇంట్లోవాళ్ళు "నాన్నగారు సుఖం మరిగారు" అని నవ్వుకున్నారు. ఆయనా నవ్వారు.

కంటి పరీక్షకు వచ్చినప్పుడు మాటల్లో అడిగాము, "గుండెల్లో నొప్పేమైనా వస్తుందా?" "లేదండీ." "ఎత్తు ఎక్కితే?" ఆయన కాస్త ఆగి, "ఎత్తు ఎక్కడం మానేశాను కదా" అన్నారు. మానక ముందు ఎలా ఉండేదని అడిగితే అప్పుడు చెప్పారు: గుండె మీద రాయి పెట్టినట్టు బరువు, దవడలోకి లాగడం, రెండు నిమిషాలు నిలబడితే పోవడం. గ్యాసు అనుకున్నారు. కూర్చున్నప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉంది. పెద్ద ఆసుపత్రికి పంపి యాంజియోగ్రాం చేయిస్తే రెండు రక్తనాళాలు బాగా మూసుకుపోయి ఉన్నాయి. ఆయనకు నొప్పి తగ్గలేదు, నొప్పి వచ్చే పనులన్నిటినీ ఒక్కొక్కటిగా జీవితంలోంచి తీసేశారు. అందుకే నొప్పి లేదని నిజాయితీగానే చెప్పారు.

ఇలాంటివారిని "నొప్పి ఉందా, ఆయాసం ఉందా" అని అడిగితే సరిపోదు. "పోయిన ఏడు చేసిన పనుల్లో ఈ ఏడు ఏవి మానేశారు?" అని అడగాలి. ఈ ప్రశ్న డాక్టరు కంటే ఇంట్లోవాళ్ళే బాగా అడగగలరు, జవాబు కూడా వాళ్ళకే ముందు తెలుస్తుంది.

రెండో సంగతి ఒక అరవై ఏళ్ళ తల్లిది. ఆమె ప్రతి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వెళ్ళి కొండ మీది సిలువ దాకా మెట్లు ఎక్కేది. తిరునాళ్ళు 9, 10, 11 తేదీల్లో జరుగుతాయని మీకు తెలిసిందే, ఆ జనంలో ఎక్కడం అంటే మాటలు కాదు. ఒక సంవత్సరం "నాకు ఓపిక లేదు, కింద కూర్చుంటాను" అంది. మరుసటి సంవత్సరం అసలు రానంది. వేసవిలో మనవళ్ళు సముద్రానికి వెళదామంటే దానికీ రానంది. కోడలు పట్టుబట్టి తీసుకొచ్చింది. కనురెప్ప కింద చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 6.4. ఆడవారికి 12 ఉండాలి. విరోచనంలో రక్తం పడుతోందని ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఆ వయసులో మొలలని వదిలేయకూడదు కనుక పెద్దపేగును కెమెరాతో చూపించాము. క్యాన్సరు లేదు, మొలలే. ఉంటే ఆ ఎనిమిది నెలలు ఎంత విలువైనవో వేరే చెప్పనక్కరలేదు.

థైరాయిడ్ మందగించినా, వినికిడి తగ్గి నలుగురిలో మాట అందకపోయినా, మతిమరుపు మొదలై కొత్త చోట దారి తప్పుతామని భయం పుట్టినా, భర్త పోయాక మనసు కుంగినా పైకి వినబడేది ఆ ఒక్క మాటే: "నేను రాను, మీరు వెళ్ళిరండి."

పైకి చెప్పని కారణం

ఇప్పుడు సిస్టర్ గారి బాత్రూము ప్రశ్నకు వద్దాము. పెద్ద వయసు ఆడవాళ్ళు ప్రయాణాలు మానుకోవడానికి మేము చూసినంతలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. దారిలో ఒంటికి వెళ్ళడానికి చోటు ఉండదు. ఉన్నా తలుపుకు గడియ ఉండదు, మోకాళ్ళు వంగవు. దగ్గితే తుమ్మితే చీర తడిసే ఇబ్బంది ఉన్న తల్లులు ఎంతో మంది. కొడుకుతో చెప్పలేరు, కోడలితోనూ చెప్పరు. మగవారిలో ప్రోస్టేటు గ్రంథి పెరిగినవారిదీ ఇదే అవస్థ.

రాకుండా ఉండిపోతే ఒక బాధ, వచ్చినవాళ్ళు చేసే పని ఇంకో బాధ. బయలుదేరే ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్ళు మానేస్తారు. గుండె జబ్బుకో బి.పి.కో ఇచ్చిన "ఒంటికి ఎక్కువ వచ్చే మాత్ర" కూడా మానేస్తారు. వేళాంగణి యాత్రకు బస్సులో వెళ్ళి వచ్చిన ఒక తల్లిని నేరుగా మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరి ఆడక, రాత్రంతా కూర్చునే వచ్చింది. నాలుగు రోజులు ఆ మాత్ర వేసుకోలేదు. "బస్సు మాటిమాటికీ ఆపమంటే అందరూ విసుక్కుంటారని" అంది. ఆ బస్సులో ఆమె సొంత అన్నదమ్ములే ఉన్నారు.

దయచేసి ఆ మాత్రను సొంతంగా మానవద్దు. ప్రయాణం రోజు ఉదయానికి బదులు, గది చేరాక మధ్యాహ్నం వేసుకోవచ్చా అని మీ డాక్టరును ముందే అడగండి. చాలామందికి అలా మార్చి ఇవ్వడం సాధ్యమే. దగ్గితే మూత్రం పడే ఇబ్బందికి వ్యాయామాలు ఉన్నాయి, మందులు ఉన్నాయి, అవసరమైతే చిన్న ఆపరేషను ఉంది. ఆడ డాక్టరు దగ్గర మాట్లాడవచ్చు. ఇక పిల్లలకు ఒక మాట. రెండు గంటలకు ఒకసారి బండి ఆగుతుందని ముందే చెప్పండి. ఆపమని అమ్మ అడగవలసిన పని లేకుండా ఆపండి. ఆ ఒక్క హామీతో "రాను" అన్నవాళ్ళు "ఏ చీర పెట్టుకోను?" అని అడగడం మేము చూశాము.

సుఖం అంటే మంచం కాదు

సౌకర్యం కోరుకోవడం తప్పు కాదన్నాము కదా అని, ప్రయాణమంటే కారు, గది, మంచం, టీవీ అనుకుంటే అదీ నష్టమే. 2007లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక పరిశోధనలో సగటున 67 ఏళ్ళ వయసున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వారి కాళ్ళలోంచి సుమారు ఒక కిలో కండ కరిగిపోయింది.

మిషను ఆసుపత్రుల చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల శానిటోరియం ప్రారంభమైనప్పుడు ఆ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇవే చికిత్స. మందులు వచ్చాక 1950లలో మద్రాసులో పరీక్షించి చూస్తే, ఇంటి దగ్గర ఉండి మందులు వాడినవారికి, శానిటోరియంలో మంచం మీద విశ్రాంతి తీసుకున్నవారికి ఇంచుమించు ఒకే ఫలితం వచ్చింది. అంతకాలం గొప్పగా చెప్పుకున్న విశ్రాంతి, మందు ఉన్నప్పుడు అంత అవసరం కాదని తేలింది.

మరి ఎంత శ్రమ పడవచ్చు? ఇంటి దగ్గర రోజూ చేసే దాని కంటే కొద్దిగా ఎక్కువ, అంతే. ఇంట్లో అరగంట నడిచే మనిషి ప్రయాణంలో ముప్పావు గంట నడవవచ్చు. ఏడాదంతా కదలని మనిషి ఒక్కరోజు కొండ ఎక్కడం ప్రమాదం. ప్రయాణం అనుకున్నాక ఆరు వారాల ముందు నుంచి రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే ఆగాలి.

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళేవారికి ఇది మరీ ముఖ్యం. 2023 అక్టోబరు నుంచి అక్కడి యుద్ధం వల్ల ఆ యాత్రలకు తరచూ ఆటంకాలు వచ్చాయి గాని, వెళ్ళాలనే కోరిక మన కుటుంబాల్లో తగ్గలేదు. చాలామంది వెళ్ళేదే అరవై దాటాక. ఐగుప్తులో సీనాయి కొండ ఎత్తు 2,285 మీటర్లు. సూర్యోదయం చూడడానికి అర్ధరాత్రి దాటాక చలిలో బయలుదేరతారు. కొంత దూరం ఒంటె మీద వెళ్ళవచ్చు గాని చివర సుమారు 750 రాతి మెట్లు సొంత కాళ్ళతోనే ఎక్కాలి, దిగాలి. జీవితంలో ఒక్కసారి కదా అని మోకాళ్ళు, గుండె సంగతి మరచి ఎక్కేవారు ఉన్నారు. వెళ్ళేముందు చూపించుకోండి. కింద ఆగిపోయినా ఆ యాత్ర యాత్రే.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణం ఏదైనా, విమానమైనా బస్సైనా, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే కనుక భయపడనక్కరలేదు. గంటకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయండి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించండి. ఇటీవల ఆపరేషను అయినవారు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా దూర ప్రయాణం పెట్టుకోవద్దు. ప్రయాణం అయ్యాక ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే వెంటనే రండి.

షుగరు ఉన్నవారికి విహారయాత్రలో ఎదురయ్యే ఇబ్బంది స్వీట్లు ఒక్కటే కాదు. నడక ఎక్కువవుతుంది, భోజనం ఆలస్యమవుతుంది, ఇన్సులినో మాత్రో మాత్రం వేళకు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనబడితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. ఇన్సులిన్‌ను ఎండలో ఆగిన కారులో వదలవద్దు, విమానంలో సామానుతో పాటు లోపలికి వేయవద్దు. చేతి సంచిలోనే ఉండాలి. మందుల చీటీ కూడా అందులోనే.

రైలు టికెట్టు తీసేటప్పుడు వయసు సరిగా రాయండి. 60 దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి, ఖాళీని బట్టి లోయర్ బెర్తు ఇచ్చే ఏర్పాటు ఉంది. వీలైతే మే నెల ఎండల్లో కాక క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళండి. అరకు అనుకున్నవారు విశాఖపట్నం నుంచి కారులో మలుపులు తిరిగే బదులు కిరండూల్ రైలు ఎక్కితే, 50కి పైగా సొరంగాలు దాటుతూ కొండలన్నీ కిటికీలోంచే చూడవచ్చు. లేచి నడవవచ్చు, బోగీలోనే బాత్రూము ఉంటుంది. పిల్లలు గుహల్లోకి దిగుతారు, పెద్దవాళ్ళు పైన కాఫీ తాగుతారు. అందరూ ఒకే చోటికి వెళ్ళినా అందరూ ఒకే పని చేయాలని ఎక్కడా లేదు.

గుణదల తల్లి సంగతి చెప్పి ఆపేస్తాము. ఐరన్ ఇంజెక్షన్లతో, మొలలకు చికిత్సతో ఆమె హిమోగ్లోబిన్ ఆరు నెలల్లో 11 దాటింది. మరుసటి ఫిబ్రవరిలో తిరునాళ్ళకు వెళ్ళింది. తరువాత చెకప్‌కు వచ్చినప్పుడు కొండ ఎక్కావా అమ్మా అని అడిగాము. "సగం దాకా ఎక్కాను డాక్టరమ్మా. ఆయాసం లేదు. మోకాళ్ళు పట్టేశాయి. అక్కడే మెట్టు మీద కూర్చుని మనవళ్ళను పైకి పంపాను" అంది. మోకాళ్ళకు ఏమైనా రాయమంటావా అని అడిగితే, "రాయండి గాని, ఇది వయసేలెండి. ఈసారి తేడా నాకే తెలిసింది" అని నవ్వింది.